దేవుడి గూట్లో తడి అడుగులు

లండన్ పక్కనున్న స్లౌ ఊళ్ళో సుబ్బరాజుని ఎరగని తెలుగువాళ్ళు లేరంటే సుబ్బరాజుకి కోపం వచ్చేది. "స్లౌ ఒక్కటేనా? హీత్రోలో దిగబోయే ముందు పైలట్లు మైకులో చెప్తారండీ, కుడివైపు కిందకి చూడండి, ఆ కనపడేది రాజుగారి బాల్కనీ అని" అనేవాడు. నిజానికి ఆ బాల్కనీలో ఒక సైకిలు, రెండు కరివేపాకు కుండీలు తప్ప ఏమీ లేవు. మనిషీ మామూలు మనిషే. ట్రేడింగ్ ఎస్టేట్ అనే ఫ్యాక్టరీల పేట‌లో ఓ కంపెనీలో సాఫ్ట్‌వేర్ పరీక్షించి తప్పులు పట్టే ఉద్యోగం. కొంచెం పొట్ట. ఆ పొట్టకన్నా ఓ అడుగు ముందు నడిచే మీసం. పగలంతా ఊళ్ళోవాళ్ళ తప్పులు పట్టి, సాయంత్రం కోతలు కోసి ఆ అలసట తీర్చుకునేవాడు.

ఆ కోతలన్నిటికీ పెద్దది రెడ్ ఫెర్రీ. అది అమెరికాలో ఎప్పుడో మూతపడ్డ బొమ్మల పుస్తకాల కంపెనీ. అమెరికాలో దాని పేరు చెబితే అమెరికావాళ్ళే బుర్ర గోక్కుంటారు. మన సుబ్బరాజు మాత్రం దాని పుట్టుపూర్వోత్తరాలు నిద్రలో లేపి అడిగినా చెప్తాడు. నిద్రలో లేపకపోయినా చెప్తాడు, అదే బాధ.

దీనికంతకీ మూలం విశాఖపట్నం. వాళ్ళ నాన్న అక్కడ పోర్టులో గుమస్తా. హార్బరు దగ్గర పాతపేపర్ల కొట్లో ఓడవాళ్ళు వదిలేసిన పుస్తకాలు కుప్పపోసి ఉండేవి. ఆ కుప్పలో పన్నెండేళ్ళ సుబ్బరాజుకి అట్ట లేని బొమ్మల పుస్తకం ఒకటి దొరికింది. అందులో ఓ చీకటి ఇల్లు. మెట్లమీద తడి పాదాల గుర్తులు పైకెక్కుతున్నాయి, మనిషి మాత్రం లేడు. పై గదిలో ఒకావిడ తలుపుకేసి చూస్తోంది. తలుపు గుండ్రటి పిడి తిరుగుతోంది. అంతే. ఆఖరి పేజీ లేదు. చిరిగిపోయింది.

"ఆ తలుపు వెనక ఎవరున్నారో తెలుసుకోడానికే నేను ఇంగ్లండు వచ్చింది. ఉద్యోగం వంక మాత్రమే" అనేవాడు. వాళ్ళావిడ మానస ఆ మాట విన్నప్పుడల్లా "మరి నన్ను చేసుకుంది దేనికోసమో" అనేది. "ఆ తలుపు తియ్యడానికి తోడుంటావని" అనేవాడు.

ఇక కంపెనీ కథ. దాన్ని సుబ్బరాజు చెప్పే తీరులోనే చెప్పాలి.

న్యూయార్కులో, బ్రూక్లిన్ వైపు, మోరిస్ గ్లిక్ అని ఒకాయన విత్తనాల కేటలాగులు, కేలండర్లు అచ్చు వేసేవాడు. కేలండర్ల పని ఏడాది చివర్లోనే కదా. మిగతా నెలలంతా యంత్రం గుడ్లప్పగించి ఆయన్నే చూస్తుండేది. దాని నోట్లో ఏదో ఒకటి పెట్టాలని పిల్లల బొమ్మల పుస్తకాలు మొదలెట్టాడు. రోజూ పనికి ఎర్రరంగు పడవలో నది దాటి వచ్చేవాడు గనక ఆ పేరే పెట్టుకున్నాడు. బొమ్మలు వేసేవాళ్ళ గది ఒక చాకలి దుకాణం పైన. కింద గంజి ఉడుకుతుంటే పైన కాగితాలు చెమ్మెక్కేవి. "రెడ్ ఫెర్రీ పుస్తకం అసలుదో నకిలీదో నేను కళ్ళు మూసుకుని చెప్తానండీ, గంజి వాసనొస్తుంది" అనేవాడు సుబ్బరాజు. ఇది కోత.

కోత కానిది ఇంకోటుంది. ఆ గదిలో ఎవరికీ పాదాలు గీయడం చేతకాదు. మొహాలు వేస్తారు, కండలు వేస్తారు, కాళ్ళ దగ్గరికొచ్చేసరికి పొగో, గడ్డో, నీడో అడ్డంపెట్టి దాటేస్తారు. ఒక్క ఐడా నోవాక్ అనే ఆవిడే పాదాలు గీసేది. వేళ్ళూ, మడమా, వంపూ, ప్రాణం ఉన్నట్టు. యుద్ధం అయిపోయి, యుద్ధపు వీరుల కథలు ఎవరూ కొనక, గుర్రాల కథలూ ప్రేమ కథలూ కూడా అమ్ముడుపోక తిరిగొస్తుంటే, గ్లిక్ ఆవిణ్ణి పిలిచి "నీకు పాదాలే వచ్చు గనక పాదాల దయ్యం ఒకటి చెయ్యి" అన్నాడు. అలా పుట్టింది తడి అడుగుల కథ, 'వెట్ ఫుట్‌ప్రింట్స్'. దయ్యం ఎక్కడా కనపడదు, అడుగులే కనపడతాయి. పిల్లలు పడిచచ్చారు.

తరవాత పెద్దవాళ్ళు నిద్రలేచారు. ఈ పుస్తకాలు చదివి పిల్లలు చెడిపోతున్నారని డాక్టర్లు అన్నారు, అమ్మలు అన్నారు, పెద్దసభలో విచారణలు పెట్టారు. మంచి పుస్తకం అని ముద్ర ఉంటే తప్ప కొట్లవాళ్ళు కట్టలు విప్పలేదు. తడి అడుగుల చివరి సంచిక అచ్చయింది, ఒక్క కొట్టూ ఎక్కలేదు. ఆ కట్టల్ని తుక్కు కింద వదిలించుకుంటే, ఓడల అడుగున బరువుకోసం వేశారు. అలా వేసిన కట్టల్లో ఒకటి విశాఖపట్నం చేరిందని సుబ్బరాజు వాదన. గ్లిక్ మళ్ళీ విత్తనాల కేటలాగులకి వెళ్ళిపోయాడు. ఆ పుస్తకం ఇంకో కాపీ లోకంలో లేదనీ, దాన్ని చూసి బతికున్నవాణ్ణి తానొక్కణ్ణేననీ సుబ్బరాజు చాటేవాడు.

దగ్గరి ఊరు రీడింగ్‌లో పాత కామిక్స్ అభిమానుల సంఘం ఒకటుంది. చర్చి హాల్లో శనివారం పూట కలుస్తారు. టీ, బిస్కట్లు, ప్లాస్టిక్ కవర్లలో పుస్తకాలు. అక్కడ కూడా ఈ మాటే అన్నాడు. "ఇంకో కాపీ ఎవరైనా చూపిస్తే సగం మీసం తీసేస్తా" అన్నాడు.

వెనక వరసలోంచి ఒక ముసలావిడ "నా దగ్గరుంది" అంది. "చివరి పేజీతో సహా."

ఆవిడ పేరు డోరీన్. ఎనభై ఏళ్ళుంటాయి. పెళ్ళి చేసుకోలేదు. కళ్ళలో నడిమి చూపు పోయింది, ఎదురుగా ఉన్నది కనపడదు, ఓరగా ఉన్నది మసగ్గా కనపడుతుంది. అందుకని ఏదైనా చూడాలంటే పిట్టలా తల పక్కకి వాలుస్తుంది. అలా తల వాల్చి ఆ రోజు సుబ్బరాజు మీసాన్ని కాసేపు చూసింది. మర్నాడు ఆవిడ ఇంట్లో ఆ చివరి పేజీ కళ్ళారా చూశాడు: తెరుచుకున్న తలుపులో మనిషి లేడు, లోపలికొచ్చే తడి అడుగులే. సోమవారం అతను సగం మీసంతో ఆఫీసుకి వెళ్ళాడు. స్లౌ స్టేషన్లో రైళ్ళు ఆగి చూశాయని ఇప్పటికీ చెప్తాడు.

డోరీనమ్మ పుస్తకం వెనక ఒక మనిషి ఉన్నాడు. ఆవిడ అన్న లెన్. రీడింగ్ సంతలో ఓడల తుక్కు కొనే ఓ బండివాడు అట్ట నడిమధ్య ఊదారంగు రబ్బరుముద్రతో ధర కొట్టి అమ్ముతుంటే లెన్ కొన్నాడు. అప్పుడే ఇక్కడ పార్లమెంటు కూడా దయ్యాల పుస్తకాలమీద చట్టం చేసింది. డోరీన్ చదివే బడిలో హెడ్‌మాస్టరు పిల్లలందరిచేతా ఇళ్ళలోని పుస్తకాలు తెప్పించి మైదానంలో మంట పెట్టించాడు. తండ్రి కూడా అన్నీ తెమ్మన్నాడు. తొమ్మిదేళ్ళ పిల్ల ఈ ఒక్కటీ మంచం కింద నేలమీద పరిచిన లినోలియం పట్టా ఎత్తి దాచింది. మరుసటేడు లెన్ సైన్యానికి వెళ్ళాడు. సైప్రస్ ద్వీపంలో పోరునుంచి తిరిగి రాలేదు. అతను ముట్టుకున్న వస్తువుల్లో ఆవిడకి మిగిలింది ఇదొక్కటే.

సంఘంలో రెడ్ ఫెర్రీ చరిత్ర మీద సుబ్బరాజు ఉపన్యాసం పెట్టినప్పుడు, ఫొటోలు తీసుకోడానికి డోరీనమ్మ ఆ పుస్తకం అతని చేతికిచ్చి పంపింది. "ఇది మా గడప దాటడం ఇదే మొదలు, రాజూ. శనివారం ఉపన్యాసానికి ముందు నా చేతిలో పెట్టాలి" అంది.

"నా మీద లారీ ఎక్కినా దీని మీద గీత పడదు" అన్నాడు సుబ్బరాజు. ఆ మాట అన్నది బుధవారం.

*

ఫ్లాటులో దాన్ని ఎక్కడ పెట్టాలి? కూతురు అపూర్వ చేతికందే ఎత్తులో ఉన్న ప్రతి వస్తువుకీ జామ్ అంటుతుంది. ఫ్రిజ్ పైన ఆవిరి, కిటికీ దగ్గర ఎండ. ఇల్లంతా తిరిగి చివరికి వంటింట్లో పై అలమరా తలుపు తీశాడు. అందులో దేవుళ్ళున్నారు. శుభ్రమైన చోటు, ఎవరూ ముట్టుకోని చోటు. అక్కడ పెట్టాడు.

అప్పుడే భీమవరం నుంచి అత్తగారు వెంకటరమణమ్మ వచ్చి ఉంది. మావగారు రొయ్యల చెరువులు వదిలి రానన్నారు, ఆవిడొక్కతే వచ్చింది. "అత్తయ్యగారూ, ఇది చాలా విలువైంది. నేను చెప్పేదాకా దేవుడి గూట్లోంచి కదపకండి" అన్నాడు సుబ్బరాజు.

"అలాగేనండి. దేవుడి దగ్గర పెట్టినదాన్ని ఎవరు కదుపుతారు?" అందావిడ.

శుక్రవారం వరలక్ష్మీ వ్రతం. సుబ్బరాజు ఆఫీసు నుంచి ఆలస్యంగా వచ్చి, కాళ్ళు కడుక్కుని, పువ్వుల కుప్పలో మునిగిపోయిన కలశానికి దణ్ణం పెట్టి, పూర్ణాలు నోట్లో వేసుకుంటూ లాప్‌టాప్ ముందు కూర్చున్నాడు. ఫొటోలు అన్నీ బాగా వచ్చాయి. ఆఫీసు ప్రింటర్లో తీసిన రంగు నకలు కూడా బ్రహ్మాండంగా వచ్చింది. అసలుదాన్ని చేతులు మారనివ్వకుండా, జనానికి తిప్పి చూపించడానికని చేయించాడు. దాన్నీ అసలుదానిలాగే ప్లాస్టిక్ కవర్లో పెట్టాడు. పక్కపక్కన పెడితే తేడా తెలియదు. తెలియకూడదనే కదా చేయించింది.

శనివారం పొద్దున అతను చొక్కా ఇస్త్రీ చేసుకుంటుంటే అపూర్వ వచ్చింది. "డాడ్, అమ్మమ్మ హాజ్ పుట్ ఎల్లో స్టఫ్ ఆన్ ద ఘోస్ట్స్ ఫీట్."

"ఏ ఘోస్ట్?"

"యువర్ ఘోస్ట్. ద బుక్ వన్."

ఇస్త్రీపెట్టె చొక్కా మీదే ఉండిపోయింది.

పువ్వులు తీసేసిన కలశం వెనక, గోడకి ఆనించి, కవరు లేకుండా నిలబడి ఉంది పుస్తకం. అట్టమీద ఒకటే బొమ్మ. తెరిచిన గుమ్మం, గుమ్మంలోంచి గదిలోకి నడిచొస్తున్న తడి పాదాలు. ఐడా నోవాక్ గీసిన పాదాలు. ఒక్కొక్క పాదం మీదా పసుపు పూత, పసుపు మధ్యన కుంకుమ బొట్టు. ఊదారంగు ముద్రని కూడా వదల్లేదు, దాని పక్కన రెండు అక్షింతలు అంటుకుని ఉన్నాయి.

"అత్తయ్యగారూ!"

ఆ కేకకి మానస స్నానాల గదిలోంచి తల తుడుచుకుంటూ పరిగెత్తుకొచ్చింది. వెంకటరమణమ్మ గరిటె పట్టుకుని అలాగే నిలబడింది.

"ఏమైందండి? లక్ష్మీదేవి పాదాలేగా? గుమ్మంలోంచి లోపలికొస్తున్నాయి కదా, ఎంత బాగా వేశారో అనుకున్నాను. మీరే తెచ్చి గూట్లో పెట్టారు, వ్రతం కోసమే అనుకున్నానండి. అమ్మవారి పాదాల మీద ప్లాస్టిక్ ఏంటని కవరు తీశాను."

"అమ్మా, అది దయ్యం పుస్తకమే!" అంది మానస.

"దయ్యమా?" ఆవిడ గరిటె కింద పెట్టింది. "దయ్యాన్ని దేవుడి గూట్లో పెట్టుకుంటారేటే ఎవరైనా?"

సుబ్బరాజు పుస్తకం మీదికి చెయ్యి చాచాడు.

"కదపకండి. దూదితో పొడిగా దులుపుదాం. తడి తగలనివ్వకండి" అంది మానస.

"నువ్వు జరుగు. నాకు తెలుసు" అన్నాడు సుబ్బరాజు. తప్పులు పట్టి సరిచేయడం తన ఉద్యోగమాయె. అత్తగారు ఊరినుంచి తెచ్చుకున్న బట్టల సబ్బు బిళ్ళ సింకు పక్కనుంది. మెత్తటి గుడ్డ తడిపి, సబ్బుకి రాసి, పిండి, పిల్ల చెంప తుడిచినంత నెమ్మదిగా మొదటి పాదం మీద అద్దాడు.

పసుపు ఎర్రబడింది.

నమ్మలేదు. ఇంకో పాదం మీద అద్దాడు. అదీ ఎర్రబడింది. పసుపుకి సున్నమైనా సబ్బైనా తగిలితే ఏమవుతుందో పారాణి కలిపే ఇంట్లో పుట్టినవాడికి తెలియదా? తెలుసు. చేతికి తెలియలేదు, అంతే. కంగారులో వరసగా అద్దుకుంటూ పోయాడు. మానస అతని మణికట్టు పట్టుకుని లాగేసరికి గుమ్మంలోంచి గదిలోకి నెత్తుటి అడుగులు నడిచొస్తున్నాయి. మొదటిసారి ఆ పుస్తకం నిజంగా భయపెట్టింది.

హాల్లో అపూర్వ చూస్తున్న కార్టూన్ పాట ఒక్కటే వినపడుతోంది.

"ఆవిడతో ఏం చెప్తారు?" అంది మానస చివరికి.

"ఉన్నదే చెప్తాను."

"నిజంగానా?"

"నిజంగా."

అసలు పుస్తకాన్ని ఆరబెట్టమని చెప్పి, నకలున్న కవరు తీసి సంచిలో పెట్టుకున్నాడు. పెట్టుకునేటప్పుడు మానస వైపు చూడలేదు. మనసులో లెక్క నడుస్తోంది. డోరీనమ్మకి చూపు ఆనదు. ప్లాస్టిక్ మీద వేలితో తడిమితే ఏదైనా ఒకటే. ఇవాళ గడిస్తే చాలు. ఆ తరవాత లండన్లో పాత కాగితాలు బాగుచేసేవాళ్ళు ఉండకపోతారా, మరకలు తీయించి ఏదో వంకన మార్చేస్తే... ఎన్ని కోతలు కోసిన నోరు, ఇంకోటి కోయలేదా?

బయల్దేరుతుంటే వెంకటరమణమ్మ చీర మార్చుకుని వచ్చింది. చేతిలో ఎర్ర జాకెట్టు గుడ్డలో చుట్టిన పొట్లం. "నేనూ వస్తానండి."

"మీరెందుకు అత్తయ్యగారూ? అంతా ఇంగ్లీషు."

"ఉపన్యాసం నాకెందుకు? ఆవిణ్ణి చూసొస్తాను."

పొట్లంలో ప్రసాదం కాబోలు అనుకున్నాడు. వద్దంటే మానస కారణం అడుగుతుంది. ఎక్కమన్నాడు.

*

ఎం-ఫోర్ రహదారి మీద కార్లు చీమల్లా పాకుతున్నాయి. ఏసీ పెట్టినా సుబ్బరాజు వీపు తడిసిపోయింది. వెనక సీట్లో వెంకటరమణమ్మ పొట్లం ఒళ్ళో పెట్టుకుని కిటికీలోంచి చూస్తోంది.

"ఆవిడకి ఎవరూ లేరాండి?"

"లేరు. అన్న ఉండేవాడు. యుద్ధానికెళ్ళి పోయాడు. ఆ పుస్తకం అతనిదే."

అద్దంలో చూస్తే ఆవిడ కళ్ళు మూసుకుని ఉంది.

చర్చి హాలు నిండుతోంది. సంఘం కార్యదర్శి గ్రాహం స్క్రీను సరిచేస్తూ చెయ్యి ఊపాడు. మొదటి వరసలో, ఒళ్ళో చేతులు పెట్టుకుని, గులాబీరంగు కోటులో డోరీనమ్మ. సుబ్బరాజు అడుగుల చప్పుడు విని తల వాల్చింది.

"ఆలస్యం చేశావు."

"ట్రాఫిక్, డోరీన్. లండన్ మొత్తం నా ఉపన్యాసానికే వస్తోంది."

ఆవిడ నవ్వలేదు. చేతులు చాచింది. సుబ్బరాజు సంచిలోంచి కవరు తీసి ఆ చేతుల్లో పెట్టాడు.

డోరీనమ్మ దాన్ని గుండెకి ఆనించుకుంది. తరవాత కవరు మూతి వెతుక్కుంటూ వేళ్ళు కదిపింది. "వాసన చూస్తాను. చూపు పోయినప్పట్నుంచీ దీన్ని చూడటం అలాగే."

"వద్దు." సుబ్బరాజు కవరు మూతి మీద చెయ్యి వేశాడు. "ఇక్కడ గాలి తడిగా ఉంది. పాత కాగితం పాడవుతుంది. ఇంటికెళ్ళాక చూద్దురుగాని."

"లినోలియం కింద ఉన్న కాగితానికి గాలి తడి ఒక లెక్కా?" అంది గాని వేళ్ళు ఆపింది. "సరే. నువ్వు చెప్తే సరే."



అప్పుడే వెంకటరమణమ్మ ముందుకొచ్చింది. పక్క కుర్చీలో కూర్చుని, ఒళ్ళోని పొట్లాన్ని రెండు చేతులతో డోరీనమ్మ ముందు పట్టింది. జాకెట్టు గుడ్డ కొసలోంచి పుస్తకం అట్ట, ఎర్రబడిన అంచుతో బయటికి కనపడుతోంది.

"అత్తయ్యగారూ, అది ఇంట్లో పెట్టమన్నాను కదా!"

"దేవుడి గూట్లో పెట్టిన వస్తువుని ఎవరిది వాళ్ళకి చేతికివ్వాలి. ఆరాక చుట్టి తెచ్చాను." ఆవిడ డోరీనమ్మ వైపు తిరిగింది. తెలుగులోనే మొదలెట్టింది. "అమ్మా, తప్పు నాది. ఈయనది ఏం లేదు. కళ్ళజోడు లేకుండా చూశాను. లోపలికొచ్చే అడుగులు కనపడ్డాయి. లక్ష్మీదేవి అనుకున్నాను. పసుపు రాసి బొట్టు పెట్టాను. ఎర్రబడ్డది కూడా నా వల్లే. ఏమన్నా అనాలంటే నన్నే అనండి." ఆగి, అల్లుడి వైపు చూసింది. "చెప్పండి. ఇంగ్లీషులో చెప్పండి."

"ఏమంటోంది ఆవిడ?" అంది డోరీనమ్మ.

గ్రాహం మైకు తట్టి చూస్తున్నాడు. వెనక వరసల్లో టీ కప్పులు చప్పుడవుతున్నాయి. సుబ్బరాజు నోట్లో అరడజను కథలు సిద్ధంగా ఉన్నాయి. మా అత్తగారు మీకు నమస్కారం చెప్తోంది, ప్రసాదం తెచ్చింది, పొట్లంలో ఉన్నది నేను చేయించిన నకలు, పిల్ల రంగులేసింది. ఇద్దరాడవాళ్ళ మధ్య రెండు భాషలూ తెలిసినవాడు తానొక్కడే. ఏది చెప్తే అదే నిజం. ఇంత అవకాశం ఏ కోతలరాయుడికీ జన్మలో రాదు.

అత్తగారి చేతులు చూశాడు. పొట్లాన్ని దించకుండా అలాగే చాచి ఉన్నాయి. డోరీనమ్మ ఒళ్ళో ఆఫీసు ప్రింటరు కాగితం మెరుస్తోంది.

"ఈవిడ మా అత్తగారు" అని మొదలెట్టాడు. ఆవిడ అన్నది ఒక్కొక్క వాక్యమే ఇంగ్లీషులో పెట్టాడు. దేవుడి గూడు, పాదాలు, పసుపు, బొట్టు. ఎరుపు దగ్గరికొచ్చి ఆగాడు.

"ఎరుపు కూడా తన వల్లేనంటోంది. అది మాత్రం అబద్ధం. ఎరుపు నాది. కడిగేద్దామని సబ్బు రాశాను. ఒక పాదంతో ఆపలేదు, అన్నిటికీ రాశాను." కవరు వేలితో చూపించాడు. "మీ ఒళ్ళో ఉన్నది అసలుది కాదు, డోరీన్. గాలి తడి సంగతి కూడా అబద్ధమే."

డోరీనమ్మ మోకాళ్ళు కదిలాయి, నకలు జారి నేలమీద పడింది. చేతులు తడుముకుంటూ పొట్లం అందుకుంది. గుడ్డ విప్పింది. తల బాగా వాల్చి, కంటి కొసతో, గుమ్మం దగ్గర్నుంచి గదిలోపలిదాకా ఒక్కొక్క అడుగే చూసింది.

"మా హెడ్‌మాస్టరుకి దొరకలేదు" అంది చాలా నెమ్మదిగా. "మా నాన్నకి దొరకలేదు. నీకు నేనే ఇచ్చాను."

సుబ్బరాజు తల దించుకున్నాడు. గ్రాహం దగ్గరికి రాబోయి, ముగ్గురి మొహాలూ చూసి వెనక్కి తగ్గాడు.

ఆవిడ పుస్తకం మొహానికి దగ్గరగా పెట్టుకుని వాసన చూసింది. పాత కాగితంలో పసుపూ సబ్బూ కలిసిన వాసన. మళ్ళీ చూసింది. "ఎవరొస్తున్నారనుకుంది ఈవిడ?"

సుబ్బరాజు అడిగాడు. వెంకటరమణమ్మ ఇందులో అడగడానికేముందన్నట్టు చూసింది.

"ఎవరైతేనేమండి? ఇంట్లోకొచ్చే కాళ్ళు. వెళ్ళిపోయే కాళ్ళకి మేం పసుపు రాయం."

ఒక్క మాట కలపకుండా, ఒక్క మాట తీయకుండా చెప్పాడు. అంత పొట్టి వాక్యం అతని నోట్లోంచి ఎప్పుడూ రాలేదు.

డోరీనమ్మ వేలు ఒక పాదం మీద ఆగింది.

"లెన్ కాళ్ళు తుడుచుకునేవాడు కాదు" అంది. "నది దగ్గర ఆడుకునొచ్చి తిన్నగా లోపలికొచ్చేసేవాడు. లినోలియం నిండా బురద అడుగులు. మా అమ్మ చీపురు పుచ్చుకుని వెంటపడేది. వాడు పోయాక ఆ నేలమీద తుడవడానికి ఆవిడకి ఏమీ ఉండేది కాదు." గుడ్డ మళ్ళీ చుట్టసాగింది. "నువ్వు నా వస్తువు పాడుచేశావు, రాజూ. పాడైంది పాడైందే. ఇక ఇది నా ఇల్లు దాటదు. ఏదైనా చూసుకోవాలంటే నా వంటింట్లో కూర్చుని చూసుకో."

"సరే, డోరీన్."

"ఇప్పుడు పైకెళ్ళి కంపెనీ కథ చెప్పు. బ్రూక్లిన్ నుంచి మొదలెట్టి మీ దేవుడి గూటిదాకా చెప్పు. ఎక్కడన్నా కలిపావో, మధ్యలో లేచిపోతాను."

చెప్పాడు. గంజి వాసన తీసేశాడు. లారీలు, పైలట్లు, రైళ్ళు ఒక్కటీ రాలేదు. గ్లిక్, యంత్రం, పాదాలు గీసే ఐడా, ఓడ అడుగున కట్టలు, సంతలో ముద్ర, లినోలియం. అక్కణ్ణుంచి స్లౌ, వంటింటి అలమరా, వ్రతం, సబ్బు బిళ్ళ. ఇన్నాళ్ళూ అతను చెప్పిన ప్రతి కోతకీ చప్పట్లు కొట్టిన హాలు, ఇది విని విరగబడి నవ్వింది. "రాజూ, ఇది మాత్రం మరీ ఎక్కువ!" అని వెనకనుంచి ఎవరో అరిచారు. "దయ్యానికి పూజ చేశారా!" అని ఇంకెవరో.

సుబ్బరాజు మైకు ముందు నోరు తెరిచి నిలబడిపోయాడు. నిజం చెప్పినవాడు తరవాత ఏం చేయాలో అతనికి అలవాటు లేదు.

డోరీనమ్మ లేచి జనం వైపు తిరిగింది. పొట్లం విప్పలేదు, పైకెత్తి చూపించలేదు. రెండు చేతులతో గుండె దగ్గర పట్టుకుంది. పక్కన వెంకటరమణమ్మ కూడా ఏం జరుగుతోందో తెలియకుండానే లేచి నిలబడింది.

"నమ్మనివాళ్ళు ఒక్కొక్కరే వచ్చి వాసన చూడండి" అంది డోరీనమ్మ.

నవ్వులు ఆగిపోయాయి. ముందు గ్రాహం వచ్చాడు. కళ్ళజోడు తీసి జేబులో పెట్టుకుని, ఆ ఎర్ర గుడ్డ మీదికి వంగాడు.